మధ్యవర్తి సంతకం

నరసరావుపేట,
4-2-1985.

మాజీ గ్రామ మునసబు, ప్రస్తుతం విజయపురి సౌత్‌లో అల్లుడుగారి ఇరిగేషన్ క్వార్టర్సును పరిపాలిస్తున్న మహారాజశ్రీ నాన్నగారి పాదాలకు, తమ ఏకైక పుత్రరత్నం, ప్లీడరు గుమస్తాకు ఒక మెట్టు పైన, ప్లీడరుకు మూడు మెట్ల కింద నిలబడి ఉన్న సాంబశివరావు నమస్కరించి రాసుకునే మనవి.

ఇక్కడ నేను క్షేమం. నా నల్లకోటు కూడా క్షేమమే. కుడి చంక కింద కుట్టు ఊడింది గానీ, చెయ్యెత్తి వాదించే అవకాశం ఇంకా రాలేదు కాబట్టి ఎవరి కంటా పడలేదు. అక్కడ మీరు, అమ్మ, ఝాన్సక్క, బావ, పిల్లలిద్దరూ కులాసాగా ఉన్నారని, డ్యామ్ నిన్న ఉన్నచోటే ఇవాళా ఉందని తలుస్తాను.

మీ ఉత్తరం అంది పది రోజులైంది. "ఏందిరా, ప్లీడరైతే తండ్రికి కార్డుముక్క రాయటానిక్కూడా వాయిదాలేనా?" అని మీరు వసారాలో అటూ ఇటూ తిరుగుతూ అంటుంటే, వంటింట్లో అక్క నవ్విన చప్పుడు నాకిక్కడికి వినపడింది. వాయిదా అడిగిన మాట వాస్తవమే. కారణం తరవాత మనవి చేసుకుంటాను. ముందు మీరడిగిన వాటికి జవాబులు.

తిండికి లోటు లేదు. సుశీలత్తయ్య మెస్సులో వారానికి ఆరు రోజులు గోంగూర. ఏడో రోజు మెస్సుకు సెలవు. సీనియరు మస్తాన్‌రావు గారు నన్ను బాగానే చూసుకుంటున్నారు. పోయిన నెల ఒక మెజిస్ట్రేటు ముందు స్వయంగా నిలబడి వాయిదా అడిగే భాగ్యం కూడా కలిగించారు. అడిగాను. ఇచ్చారు. ఆయన తల ఎత్తి చూడకుండానే ఇచ్చారు గానీ, నా మొదటి విజయం కింద దాన్ని రాసిపెట్టుకోండి.

శావల్యాపురం వాళ్ళు నన్ను చూడటానికి వస్తామన్నారని రాశారు. దయచేసి ఈ నెలాఖరు దాకా వాళ్ళను ఆపండి. పంతొమ్మిదో తారీకు గడిచాక కూడా మన ఇంటి మీద వాళ్ళకు మనసుంటే, అప్పుడు తలదువ్వుకుని నేనే వెళ్ళి కూచుంటాను.

అమ్మ కంట్లో మళ్ళీ నీరు కారుతోందని, గుంటూరు ఆసుపత్రి వాళ్ళిచ్చిన చీటీ ఇంట్లో ఎంత వెతికినా కనపడలేదని రాశారు. ఆ చీటీ ఇక్కడే ఉంది. మందు పేరు ఈ ఉత్తరం వెనక రాశాను, బావను మాచర్ల పంపించి తెప్పించండి. చీటీ మాత్రం పంపను. దానితో నాకు పనుంది.

ఇక ఉత్తరం చివర, పెద్ద విషయమేం కాదన్నట్టు, మీరు రాసిన నాలుగు వాక్యాలు. "కోర్టు నుంచి సమను వచ్చింది. సత్తార్ అని ఎవడిదో దోపిడీ కేసు. నాకేమీ గుర్తు లేదు. సంతకం నాదే అని చెప్పి వచ్చేస్తే చాలు గదా?" ఈ చివరి ప్రశ్నకే పది రోజులు పట్టింది నాన్నా.

సత్తార్ ఎవరో ముందు చెబుతాను. గురజాలలో ఆయిలింజన్లు బాగుచేసే మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఎనభై మూడు నవంబరులో, మన పక్క ఊళ్ళో మిర్చి వ్యాపారి ఇంట్లోకి పట్టపగలు ఎవడో మొహానికి గుడ్డ కట్టుకుని జొరబడి, ఆయన భార్య మెడలో గొలుసు తెంపుకుని, ఆవిడ అరిస్తే తల మీద ఇనప రాడ్డుతో కొట్టిపోయాడు. ఆవిడ బతికింది. పాపం, ఇప్పటికీ ఎడం చెవి వినపడదు. అంతకు రెండు రోజుల ముందు ఆ ఇంటి ఇంజను బాగుచెయ్యటానికి సత్తార్ వచ్చి వెళ్ళాడు. అతని సంచిలో ఇనప సామాను ఉంది. మెకానిక్కు సంచిలో ఇనుము కాక ఏముంటుంది, మల్లెపూలుంటాయా? కానీ స్టేషను వాళ్ళకు అది చాలింది.

మనిషిని పట్టుకుంటే ఇరవై నాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందుకు తేవాలని చట్టం. సత్తార్‌ని నాలుగు రోజులు ఉంచారు. రికార్డులో మాత్రం నాలుగో రోజు పొద్దున్నే దొరికాడు. మెజిస్ట్రేటు గారు "పోలీసులు కొట్టారా?" అని అడిగితే "లేదండి" అన్నాడు. ఎందుకన్నావయ్యా అని సబ్ జైల్లో నేనే అడిగాను.

"ఆయన అడిగేటప్పుడు కొట్టినాయన నా వెనకనే నిలబడున్నాడు సాబ్. మళ్ళీ ఆయనతోనేగా నేను బండెక్కేది" అన్నాడు.

పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. చట్టం రాసినవాళ్ళు మన స్టేషన్లు చూసే రాసి ఉంటారు. కానీ అదే చట్టంలో ఒక చిన్న కిటికీ వదిలారు. ముద్దాయి చెప్పిన చోట వస్తువు దొరికితే, ఆ దొరికిన మేరకు అతని మాట చెల్లుతుంది. ఇంకేముంది, మన జిల్లాలో ప్రతి కేసులోనూ వస్తువు దొరుకుతుంది. దొరకటం చూసిన ఇద్దరు మధ్యవర్తులూ దొరుకుతారు. సత్తార్ కేసులో గొలుసు మన ఊరి సున్నపు బట్టీ వెనక రాళ్ళగుట్టలో దొరికింది. చూసినవాళ్ళు ఒకటి, గ్రామ మునసబు త్రికోటేశ్వరరావు గారు. రెండు, తలారి ఏలియా.

ఆ మధ్యవర్తుల రిపోర్టు తప్ప అతని మీద ఇంకేమీ లేదు నాన్నా. ఆ కాగితం నిలబడితే ఏడేళ్ళో పదేళ్ళో పడుతుంది. పడిపోతే అతను ఇంటికి పోతాడు.

బెయిలు రాలేదా అంటారేమో. ఆర్డరు వచ్చింది, మనిషి రాలేదు. భూమి ఉన్నవాళ్ళు ఇద్దరు జామీను నిలబడాలన్నారు. రెంచి పట్టుకు బతికేవాడికి భూమున్న చుట్టాలెక్కడ? అతని భార్య షకీలా మూడు ఊళ్ళు తిరిగింది. ఎవరి ఇంజన్లు అతను బాగుచేశాడో వాళ్ళందరి గడపలూ ఎక్కింది. "చానా మంచోడమ్మా నీ మొగుడు" అని అందరూ అన్నారట, కోర్టుకు మాత్రం ఎవరూ రాలేదు. పధ్నాలుగు నెలలుగా సబ్ జైల్లోనే ఉన్నాడు. లోపలికి పోయేనాటికి ఆమెకు ఏడో నెల. ఇప్పుడా పిల్ల నడుస్తోంది. జైలు కటకటాల దగ్గరికి తీసుకొస్తే తండ్రిని చూసి ఏడుస్తుంది, కొత్త మనిషి గదా.

ఖర్చు పెట్టుకోలేని ముద్దాయికి సర్కారే ప్లీడర్ని ఇస్తుంది. అట్లా పోయిన ఆగస్టులో ఈ కేసు మస్తాన్‌రావు గారికి వచ్చింది. ఆయన కట్ట నా చేతిలో పెట్టి, "చదివి నోట్సు రాయరా, నీక్కూడా దొంగల పరిచయం అవ్వాలి" అన్నారు. మధ్యాహ్నం మెస్సు నుంచి వచ్చి, కిళ్ళీ నములుతూ, మహా దర్జాగా కట్ట విప్పాను. రిపోర్టు దాకా వచ్చేసరికి కిళ్ళీ నమలటం ఆపేశాను.

దాన్ని అక్కడే ఉంచి ఏలియా సంగతి చెబుతాను. జనవరి ఎనిమిదిన ఏలియా బోనెక్కాడు. ఉతికిన పంచె కట్టుకుని, మెళ్ళో శిలువ బయటికి కనపడేట్టు వేసుకుని వచ్చాడు. మస్తాన్‌రావు గారు అడిగారు:

"గొలుసు తీసింది నువ్వు చూశావా?"

"మునసబు గారు చూశారండి."

"నిన్నడుగుతున్నా. నువ్వు చూశావా?"

"మునసబు గారు చూసినారంటే నేనూ చూసినట్టేనండి. వేలిముద్ర ఎయ్యమని కానిస్టేబులు గారు ఇంటికొచ్చినారు. మునసబు గారి సంతకం ఉంది గదాని ఏసినా. మునసబు గారు అబద్ధం ఆడే మనిషి కాదండి."

కోర్టంతా నవ్వింది. జడ్జిగారు కూడా నవ్వు దాచుకోటానికి మొహం తిప్పుకున్నారు. నవ్వనిది ఇద్దరమే. ముద్దాయి బోనులో సత్తార్, సీనియరు వెనక కుర్చీలో నేను. ఏలియా దిగిపోతూ నన్ను చూసి, "చినబాబూ, నాయనగారు బాగున్నారా?" అని అడిగాడు, అంతమందిలోనూ. బాగున్నారని తలూపాను.

ఏలియా చూడలేదని తేలింది. అంటే ఇప్పుడా కాగితం మొత్తం ఒక్క మనిషి మాట మీద నిలబడి ఉంది. మునసబు పోస్టులు తీసేశాక మీ అడ్రసు దొరక్క స్టేషను వాళ్ళు ఆలస్యం చేశారు. ఇనస్పెక్టరు గారి సాక్ష్యం కూడా అయిపోయింది. మీరే ఆఖరివారు.

నాన్నా, ఇక హాస్యం కాసేపు పక్కన పెడతాను.

ఆ రిపోర్టు మీద తేదీ 24-11-83, ఉదయం పది గంటలు. ఆ రోజు పది గంటలకు మీరు గుంటూరు కంటి ఆసుపత్రి వరండాలో నా పక్కన ఉన్నారు. లోపల అమ్మకు ఆపరేషను జరుగుతోంది. మీరు కూచోలేక, నిలబడలేక, గోడకున్న బొమ్మలో కంటి భాగాల పేర్లు పైకి చదువుతున్నారు. నేను నవ్వితే కసిరారు. ఆ ముందు రోజూ, ఆ తరవాత రెండు రోజులూ మనం ఊళ్ళో లేము.

బయలుదేరే ముందు జరిగింది మీకూ గుర్తుంది, నాకూ గుర్తుంది. కానిస్టేబులు వస్తే మీరు అరుగు మీద కూచుని, "నేను లేనని సర్కారు పని ఆగగూడదురా" అని పది తెల్లకాగితాల కింద సంతకాలు చేసి ఇచ్చారు. మీరెవరి దగ్గరా కాఫీ కూడా తాగని మనిషి. మీకది తప్పనిపించలేదు. అడిగిన చోట సంతకం పెట్టటం మునసబు ధర్మమని తాతగారి నుంచి మీకొచ్చింది. మీరు సంతకం చేస్తుంటే, పక్కన కూచుని ఒక్కోదాని మీద సీలు కొట్టింది ఎవరు? బి.ఎల్. చివరి సంవత్సరం చదువుతున్న తమ పుత్రరత్నం. తెల్లకాగితం మీద సంతకం అంటే ఏందో పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఒకదాని మీద సీలు తలకిందులుగా కొట్టాను. మీరు చూసి, "ఒరేయ్, ఊరి పేరు తలకిందులు చేశావేందిరా" అన్నారు. "పర్లేదు నాన్నా, స్టేషన్లో చదివేదెవరు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆగస్టులో నేను కట్ట విప్పినప్పుడు కనపడింది ఆ తలకిందుల సీలే. దాని పక్కన మీ సంతకం. పైన రాత మొదట్లో విడివిడిగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ చోటు చాలక చీమలబారు అయిపోయింది.

ఇప్పుడు మీకు ఇంతవరకు చెప్పని మాట. నేను దాన్ని చూసి, కట్ట కట్టేసి, నోట్సులో "మధ్యవర్తుల రిపోర్టు సక్రమంగా ఉన్నట్టున్నది" అని రాశాను. అయిదు నెలలు ఎవరికీ చెప్పలేదు. మీ పేరు బయటికి రాకుండా ఎట్లాగో కేసు పోతుందిలే అనుకున్నాను. వ్యాపారి భార్య ముద్దాయిని గుర్తుపట్టదు గదా, ఏలియా నిలబడడు గదా, సీనియరు గారు గట్టివారు గదా అని రోజూ లెక్కలు వేసుకున్నాను. ఈ లోపల వారం వారం సబ్ జైలుకు వెళ్ళి అతనితో మాట్లాడుతూనే ఉన్నాను. అతని కుడిచేతి రెండు వేళ్ళు మడత పడవు. ఇక రెంచి తిప్పలేడు. ఒకరోజు కటకటాల మీద చెయ్యి ఆనించి నన్నే అడిగాడు:

"మునసబు గారంటే ఎవరు సాబ్? నేనాయన్ని చూడనే లేదు. నన్ను చూశానని రాశాడంట. పెద్దమనిషి, కావాలని ఎందుకు రాస్తాడు? ఇంకెవర్నో చూసి నేననుకున్నాడేమో. మీరు కనుక్కోండి సాబ్."

కనుక్కుంటానన్నాను. మీ కొడుకు నాన్నా, నేను. కనుక్కుంటానన్నాను.

డిసెంబరులో అతని తల్లి హమీదా చనిపోయింది. ఖననానికి పంపమని అర్జీ పెట్టాం. ఆర్డరు సంతకమై జైలుకు చేరేసరికి సాయంత్రమైంది, అక్కడ మట్టి వేసి జనం ఇళ్ళకు పోయారు. నేను ఆగస్టులో నోరు తెరిచి ఉంటే సంగతి అప్పుడే కోర్టు ముందుకు పోయేది. అతను బయటే ఉండి తల్లిని మోసేవాడేమో. తప్పకుండా అని చెప్పలేను. ఏమో అని మాత్రం రోజూ అనుకుంటున్నాను.

అప్పుడు కూడా చెప్పలేదు. మీ ఉత్తరం వచ్చాక, "సంతకం నాదే అని చెప్పి వచ్చేస్తే చాలు గదా" అన్నది ఎన్నిసార్లు చదివానో. పోయిన శుక్రవారం సీనియరు గారికి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏందిరా నువ్వు మాట్లాడేది? అయిదు నెలలు నా ముందు కూచుని ఈ మాట మింగావా?"

"అవునండి."

"ఆసుపత్రి చీటీ ఉంటే మీ అమ్మ అక్కడున్నట్టు తేలుతుంది. మీ నాన్న ఉన్నట్టు ఎవడు చెప్పాలి?"

"నేను చెబుతానండి."

"కన్నతండ్రి మీద బోనెక్కుతావా?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఈ కేసులో వకాల్తా నుంచి నీ పేరు కొట్టేస్తున్నా. సాక్షివి ప్లీడరుగా కూచోకూడదు. సోమవారం దాకా ఆలోచించుకో" అన్నారు. సోమవారం ఇవాళే. పొద్దున ఆసుపత్రి చీటీ ఆయన చేతిలో పెట్టి, సాక్షుల జాబితాలో నా పేరు రాసి ఇచ్చాను.

మీకేమవుతుందో తెలిసినంత వరకు రాస్తాను, దాచను. మీరు అక్కడ లేనని చెబితే సర్కారు ప్లీడరు లేచి మిమ్మల్ని ఎదురుతిరిగిన సాక్షి అంటాడు, గట్టిగా గదమాయిస్తాడు. తెల్లకాగితం మీద ఎందుకు సంతకం పెట్టావని జడ్జిగారు అడుగుతారు. తీర్పులో మీ పేరు రాయొచ్చు. స్టేషను వాళ్ళు మన పొలం దారిలో కనపడి పలకరించటం మానేస్తారు, లేదా ఎక్కువగా పలకరిస్తారు. అంతకంటే రాదని సీనియరు గారు అంటున్నారు. రాదని నేను ప్రమాణం చెయ్యలేను. ముప్పై ఏళ్ళు మునసబుగా చేసిన మనిషిని ఒక గంటలో ఇట్లా నిలబెడతారు. అది నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను.

ఇంకొకటి. ఆ రోజు ఇచ్చినవి పది. నాకు దొరికింది ఒకటి. మిగతా తొమ్మిదీ ఎవరెవరి కట్టల్లో ఉన్నాయో నాకు తెలియదు. నిన్న సబ్ జైలు ముందు నిలబడి, లోపలున్న వాళ్ళ మొహాలు చూస్తూ అదే అనుకున్నాను.

సాక్షికి వాయిదా ముందు ఉత్తరం రాయకూడదు. అందుకే మీరేం చెప్పాలో ఇందులో ఎక్కడా రాయలేదు. నేనేం చెప్పబోతున్నానో రాశాను. ఈ ఉత్తరం కోర్టులో చూపించినా నాకభ్యంతరం లేదు. అమ్మకు చదివి వినిపించమని మాత్రం అడగను, మీ ఇష్టం. అక్కకు చెబితే ముందు నన్ను తిడుతుంది. తిట్టనివ్వండి.

పంతొమ్మిదో తారీకు పొద్దున బస్సుకు వస్తే తొమ్మిదిన్నరకు దిగుతారు. నేను బస్టాండుకు రాను. కోర్టు వసారాలో మీరొక చివర, నేనొక చివర కూచుంటాం. టిఫిను తిని రండి, ఎప్పుడు పిలుస్తారో చెప్పలేం. డఫేదారు మూడుసార్లు పేరు పెట్టి కేకేస్తాడు. గారు ఉండదు, మీరు నొచ్చుకోకండి. మీరు లోపలికి వెళ్ళినప్పుడు నేను బయటే ఉండాలి, ఒక సాక్షి చెప్పేది ఇంకో సాక్షి వినకూడదు. కాబట్టి మీరేం చెప్పారో నాకు వినపడదు. మీరు అక్కడ ఉన్నానని చెబితే, సీనియరు గారు ఆ వెంటనే నన్ను పిలిపిస్తారు. లేనని చెబితే నా అవసరం ఉండదు.

డఫేదారు మళ్ళీ బయటికి వస్తాడా రాడా అని తలుపు వైపు చూస్తూ కూచునుంటాను.

ఇట్లు,
తమ కుమారుడు,
ముద్దాయి తరపు సాక్షి నంబరు ఒకటి,
సాంబశివరావు.